అవయవదానం ఫారంలో ఇంటివాళ్ళ సంతకం ఎందుకు పెట్టారు?

విశాఖలో అవయవదానం జరిగినప్పుడల్లా టీవీలో కనిపించేది గ్రీన్ ఛానల్. సైరన్ మోగించుకుంటూ ఎయిర్‌పోర్టు వైపు దూసుకుపోయే అంబులెన్సు, ట్రాఫిక్ ఆపేసి నిలబడ్డ పోలీసులు. దానికి కొన్ని గంటల ముందు ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని, ఏడుస్తూనే "సరే" అన్న కుటుంబం మాత్రం కెమెరాకి దొరకదు. ఆ "సరే" లేకపోతే అంబులెన్సు కదలదు. పోయిన మనిషి ఎప్పుడో ఫారం నింపి ఉన్నా సరే, కదలదు. ఇది ఎందుకలా అయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1971లో వేలూరు సీఎంసీలో కిడ్నీ మార్పిడి జరిగిన నాటి నుంచి చాలా ఏళ్ళపాటు మన దేశంలో మార్పిడి అంటే దాదాపుగా బతికున్న మనిషి ఇచ్చే కిడ్నీయే. అమ్మో, అన్నో, చెల్లెలో ఇచ్చేవాళ్ళు. 80ల్లో, మార్చిన అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చాక రక్తసంబంధం లేనివాళ్ళ కిడ్నీ కూడా ఒంట్లో నిలబడటం మొదలైంది, దాంతోపాటే బేరాలూ మొదలయ్యాయి. అప్పుల్లో ఉన్నవాడు అమ్మడం, డబ్బున్నవాడు కొనడం, మధ్యలో బ్రోకర్లు. దాన్ని ఆపడానికే 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం తెచ్చారు. ఆ చట్టం అమ్మకాన్ని నేరం చేసింది, బ్రెయిన్ డెత్‌ని, అంటే మెదడు ఇక కోలుకోలేనంతగా పూర్తిగా ఆగిపోవడాన్ని, మరణంగా గుర్తించింది. జులైలో రాష్ట్రపతి ఆమోదం వస్తే, నెల తిరక్కుండానే ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే తొలి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. చేసింది మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. ఇప్పుడు ఆగస్టు 3నే అవయవదాన దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆ చట్టంలో చాలామంది పట్టించుకోని ఒక నిబంధన ఉంది. బతికుండగా అవయవదానానికి ఒప్పుకుంటూ రాసే కాగితం మీద ఇద్దరు సాక్షులుండాలి, వాళ్ళలో ఒకరైనా దగ్గరి బంధువై ఉండాలి. 2014 నిబంధనల్లో వచ్చిన ఫారం 7లోనూ ఇదే ఉంది. అంటే కనీసం ఒక సంతకం కోసమైనా ఇంట్లో నోరు విప్పక తప్పదు. నా మటుకు నాకు ఆ చట్టంలో అన్నిటికంటే మంచి ఆలోచన ఇదే అనిపిస్తుంది.

మన రాష్ట్రం 1995లో సొంతంగా చట్టం చేసుకుంది కానీ, అవయవం ఏ ఆస్పత్రికి వెళ్ళాలి, ఎవరి వంతు ముందు అన్నది చూసే వ్యవస్థ ఏళ్ళ తరబడి లేదు. 2008లో తమిళనాడులో హితేంద్రన్ అనే కుర్రాడు రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయితే, డాక్టర్లయిన తల్లిదండ్రులు అతని అవయవాలు ఇచ్చారు. ఆ తర్వాత అక్కడ ఈ విషయం ఇంటింటి మాట అయిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ కేటాయింపులు చూసే జీవన్‌దాన్ 2013లో హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి నుంచి పని మొదలుపెట్టింది, రాష్ట్రం విడిపోయాక మనకి వేరుగా జీవన్‌దాన్ వచ్చింది.

ఉత్తరాంధ్రలో ఈ అవసరం ఎంతుందో, కిడ్నీ జబ్బులతో అల్లాడే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు చెబితే చాలు. డయాలసిస్ కోసం విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి మెట్లెక్కిన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్ళు ఎంతమందో. అవయవాలు దొరక్కపోతే ఏం జరుగుతుందో కూడా మనం చూశాం, చట్టం వచ్చి దాదాపు ముప్పై ఏళ్ళయ్యాక 2023లో పెందుర్తిలో కిడ్నీ రాకెట్ బయటపడింది.

ఇక ఐసీయూ సంగతి. ఆనందపురం దగ్గరో కొమ్మాది దగ్గరో బైక్ ప్రమాదం, తలకి దెబ్బ. నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి బ్రెయిన్ డెడ్ అని రాస్తారు. కానీ ఇంటివాళ్ళకి కనిపించేది వేరు. వెంటిలేటర్‌తో ఛాతీ లేస్తూ పడుతూ ఉంటుంది, మానిటర్ మీద గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. సరిగ్గా అప్పుడు కోఆర్డినేటర్ వచ్చి అవయవదానం గురించి అడగాలి, కేంద్ర చట్టానికి 2011లో వచ్చిన సవరణ ప్రకారం అలా అడగడం ఆస్పత్రి బాధ్యత. భార్య కళ్ళు తిరిగి పడిపోయి ఉంటుంది, ఊరి నుంచి వచ్చిన పెదనాన్న "కోతలూ గీతలూ వద్దు, బాడీ ఇచ్చేయండి" అంటాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ పిల్లాడి మనసులో ఏముందో ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. చట్టం ప్రకారం ప్లెడ్జ్‌కి, అంటే బతికుండగా రాసిచ్చిన ఆ ఒప్పుదలకి, విలువ ఉన్నా, కుటుంబం వద్దంటే ఏ డాక్టరూ ముందుకెళ్ళడు.

2023 నుంచి కేంద్రప్రభుత్వ అవయవ మార్పిడి సంస్థ నోటో వెబ్‌సైట్‌లో ఆధార్‌తో పేరు నమోదు చేసుకోవచ్చు. ఫోన్ చేతిలో ఉంటే చాలు, నిమిషాల్లో అయిపోతుంది, చాలా మంచి పని. నాకున్న టెన్షన్ ఒక్కటే, ఒకప్పుడు సాక్షి సంతకం కోసం ఇంట్లో జరిగిన ఆ సంభాషణ ఇప్పుడు జరగకుండానే పని పూర్తయిపోతోంది.

అందుకని నమోదు చేసుకున్న రోజే చెప్పండి. భార్యకో భర్తకో మాత్రమే చెప్పి ఊరుకోకండి, మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆ పెద్దాయనకీ పెద్దమ్మకీ కూడా చెప్పండి, ఎందుకంటే ఆ రోజు నిర్ణయం వాళ్ళ నోటి నుంచే వస్తుంది. డబ్బు గురించి భయపడితే, ఒప్పుకున్న తర్వాత అవయవాల కోసం అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద పడదని నిబంధనల్లోనే ఉందని చెప్పండి.

కళ్ళ సంగతి విడిగా చెప్పాలి, వాటికి బ్రెయిన్ డెత్ అక్కర్లేదు. ఇంట్లో మామూలుగా పోయినవాళ్ళవి కూడా తీసుకుంటారు, కాకపోతే ఆరు గంటల్లోపు జరగాలి. ఫ్యాన్ ఆపేసి, కనురెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి. విశాఖలో హనుమంతవాక దగ్గర ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది కదా, ఐ బ్యాంక్ నంబరు కనుక్కుని ఇంట్లో అందరి ఫోన్లలో వేయించండి. రేపెప్పుడైనా మనసు మారితే ప్లెడ్జ్ వెనక్కి తీసుకోవచ్చు, ఆ సంగతి కూడా ఇంట్లోవాళ్ళకి చెప్పాలి.