ఆ రీసెర్చ్ మీ పిల్లాడి గురించేనా?

ఎనిమిదేళ్ల బాబుని ఎమర్జెన్సీకి ఎత్తుకొచ్చారు. అరగంటగా ఫిట్స్ ఆగలేదు. అంతకుముందు ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా రాలేదు. మందు ఎక్కిస్తుంటే వాళ్ల నాన్న నా పక్కకొచ్చి, "ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ సిరప్ మూడు రోజుల కింద ఆపేశాం సార్. ఐక్యూ తగ్గుతుందని రీసెర్చ్‌లో ఉంది" అని ఫోన్ చూపించాడు.

ఈ ఫోన్ నాకు చాలామంది చూపించారు.

అపోహ: వాల్‌ప్రోయేట్ తాగిన పిల్లలకి తెలివి తగ్గుతుందని స్టడీలో తేలింది.

వాస్తవం: ఆయన చూపించింది అమెరికా, బ్రిటన్‌లలో చేసిన నీడ్ స్టడీ. ఆరేళ్ల పిల్లల ఫలితాలు 2013లో వచ్చాయి. వాల్‌ప్రోయేట్ గ్రూపులో సగటు ఐక్యూ 97, లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు గ్రూపులో 108. అంకెలు నిజమే. కానీ ఆ మందులు మింగింది గర్భంతో ఉన్న తల్లులు. కడుపులో బిడ్డ మెదడు అప్పుడే తయారవుతోంది. సిరప్ తాగే మీ ఎనిమిదేళ్ల బాబు ఆ స్టడీలో లేడు. హెడ్డింగ్‌లో 'పిల్లల ఐక్యూ' అని కొట్టొచ్చినట్టు వేస్తారు, 'గర్భంలో' అన్న మాట కింద ఎక్కడో ఉంటుంది.

పిల్లలే మందు వాడిన స్టడీ వేరే ఉంది. ఆబ్సెన్స్ ఎపిలెప్సీ (కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయే రకం మూర్ఛ) ఉన్న 453 మంది పిల్లలకి మూడు మందులు ఇచ్చి పోల్చారు, 2010లో వచ్చింది. ఫిట్స్ ఆపడంలో వాల్‌ప్రోయేట్, ఎథోసక్సిమైడ్ దాదాపు సమానం, లామోట్రిజిన్ బాగా వెనక. అయితే వాల్‌ప్రోయేట్ వాడినవాళ్లలో ఏకాగ్రత సమస్యలు ఎక్కువ కనిపించాయి. కాబట్టి మీ భయం ఉత్తదేనని నేననను. బాబు చదువులో తేడా కనిపిస్తే చెప్పండి, మారుద్దాం. ఒకటి మెల్లగా తగ్గిస్తూ ఇంకోటి పెంచుతాం, వారాలు పడుతుంది. ఉన్నపళంగా ఆపితే ఏమవుతుందో పైన చదివారుగా. ఆడపిల్లయితే లెక్క వేరు, రేపటి గర్భం గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఒకప్పుడు "గూగుల్ చూడకండమ్మా" అని విసుక్కునేవాణ్ని. దాంతో ఒకావిడ నాకు చెప్పడం మానేసింది, చదవడం మాత్రం మానలేదు.

మిగతా అపోహలు గబగబా. సీబీడీ (గంజాయి మొక్క నుంచి తీసేది) నూనెతో ఫిట్స్ మాయం? 2017 ట్రయల్‌లో డ్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ ఉన్న పిల్లలకి నెలకు సుమారు 12 వచ్చేవి 6కి తగ్గాయి, పూర్తిగా ఆగింది 5 శాతం మందికే. అదీ శుద్ధి చేసిన మందు, పాత మందులకి తోడుగా ఇచ్చింది. ఆన్‌లైన్‌లో దొరికే సీసా అది కాదు. జ్వరంతో ఫిట్స్ వస్తే ఎపిలెప్సీయే? చాలామందికి కాదు. చేతిలో తాళాలు? దయచేసి వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి బయల్దేరండి.

ఆ బాబు కోలుకున్నాడు. వాళ్ల నాన్న ఇప్పటికీ వాట్సాప్‌లో లింకులు పంపుతుంటాడు. మొన్నటి లింకు కింద ఆయనే రాశాడు: "ఇది ఎలుకల మీద చేశారు సార్. సిరప్ వేశాం."