మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలి?

పురుగుమందు డబ్బాతో పాటు మడతపెట్టిన పల్చటి కాగితం ఒకటి వస్తుంది. విప్పితే చీమ తలకాయలంత అక్షరాలు. ఏ పంటకు ఎంత మోతాదు, చివరిసారి కొట్టాక ఎన్ని రోజులకు కోయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. జగిత్యాల వైపు మామిడి తోటల్లో ఆ కాగితం చాలాసార్లు గట్టు మీదే పడి ఉంటుంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎందుకంటే ఆ కాగితం వెనక ఎన్నో చావులున్నాయి. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. పిండీ మందూ ఒకే ఓడలో వచ్చాయి. ఆ తర్వాత పదేళ్లకు, 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది.

కాయ మీద పడ్డప్పటి నుంచే మందు తగ్గుతూ పోతుంది. ఎండకు కొంత విరిగిపోతుంది, వానకు కొంత కొట్టుకుపోతుంది. తొక్కలోకి దిగినదాన్ని కాయలోని ఎంజైములు ముక్కలు చేస్తాయి. ఒక మందు సగమవడానికి 4 రోజులు పడితే, 12 రోజులకు ఎనిమిదో వంతు మిగులుతుంది. కాయ పెరగడమూ కలిసొస్తుంది. గోలీకాయంత పిందె మీద పడ్డ మందు, అది అరకిలో కాయ అయ్యేసరికి పలచబడుతుంది. అందుకే పూతలో తేనెమంచు పురుగుకు కొట్టినదానితో అంత పేచీ లేదు. కోతకు వారం ముందు పండు ఈగకు కొట్టేదే టెన్షన్: కాయ ఇక పెద్దగా పెరగదు, మందు తగ్గడానికి రోజులూ లేవు. పైగా తొక్క మీది మైనం పొర కొన్ని మందులను పట్టుకుని వదలదు. చెట్టు లోపలికి పాకే అంతర్వాహిక మందులైతే గుజ్జులోకీ దిగుతాయి, కడిగినా పోవు.

1989లో సేద్యంలో డీడీటీని ప్రభుత్వం, 2011లో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపేశాయి. త్వరగా విరిగిపోయే మందులు వచ్చాయి. రోజులు లెక్కచూడకుండా కొట్టే అలవాటు మాత్రం పాతదే. దాన్ని ఈ నేలకు నేర్పింది పత్తి. 1997–98లో పత్తి మీది పురుగు ఏ మందుకూ లొంగక, అప్పులు తీరక వరంగల్ జిల్లాలో ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పత్తిని కోసిన రోజే ఎవరూ కొరుక్కు తినరు కాబట్టి, ఎన్ని రోజులు ఆగాలన్న ప్రశ్నే అప్పుడు రైతు ముందుకు రాలేదు. అదే పంపు, అదే చెయ్యి తర్వాత తోటలోకి వచ్చాయి.

తోటలేమో పూత మీదే గుత్తకు పోతాయి. మందు కొట్టించేది గుత్తేదారు, కోతకు ముహూర్తం మార్కెట్ రేటు. చల్‌గల్ మామిడి మార్కెట్‌లో ధర లేచిందంటే తెల్లారకముందే కూలీలు చెట్టు కింద ఉంటారు. ఆఖరి మందు ఏ తేదీన పడిందో చాలాసార్లు తోట ఆసామికే తెలియదు. లారీ కదిలేటప్పుడు కాయల లెక్క రాసిన చీటీ పోతుంది. ఆ తేదీ రాసిన చీటీ పోదు.