ఐఆర్‌సీ చాటింగ్: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

2002లో నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఆరు సిస్టంలున్న నెట్ సెంటర్లో పనికి కుదిరాను. అక్కడ నాకు మొదట నేర్పిన పని ఐఆర్‌సీ, అంటే ఇంటర్నెట్ రిలే చాట్ అనే పాత చాటింగ్ పద్ధతి, తెరిచి ఇవ్వడం. గంటకింత అని కట్టి కూర్చున్న కుర్రాళ్లకు ఎంఐఆర్‌సీ అనే ప్రోగ్రాం ఓపెన్ చేసి, సర్వర్ ఎంచి, ఏదో ఒక పేరు పెట్టి, చానల్లో, అంటే అందరూ కలిసి మాట్లాడుకునే గదిలో, వదిలిపెట్టి రావాలి. ఆ సెంటర్ మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల కాలేజీలకు, షాపులకు సర్వర్లు, నెట్‌వర్కులు చూసుకుంటున్నాను. నా సిస్టంలో ఐఆర్‌సీ మాత్రం ఇప్పటికీ రోజూ తెరిచే ఉంటుంది. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకూ అదే చూపిస్తాను. వాళ్లకు మొదటి వారంలో వచ్చే ఇబ్బందులు ఆనాటి కుర్రాళ్లకు వచ్చినవే.

వాటిలో చాలావాటికి మూలం ఒకటే. వాట్సాప్ చెరువు లాంటిది. మనం లేనప్పుడు వచ్చిన మాట కూడా నిలవుండి, మనం వచ్చాక దొరుకుతుంది. ఐఆర్‌సీ కాలువ. పారేటప్పుడు గట్టున ఉన్నవాడికే నీళ్లు. ఇది బుర్రకెక్కితే మిగతావి ఒక్కొక్కటే విడిపోతాయి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అపోహ: ఐఆర్‌సీ ఎప్పుడో పోయింది.

పోలేదు. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ 1988 ఆగస్టులో దీన్ని తయారు చేశాడు. 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే పత్రం పేరుతో దీని నిబంధనలు రాతలోకి వచ్చాయి. 1995లో ఖాలిద్ మర్దమ్-బే విండోస్ కోసం ఎంఐఆర్‌సీ విడుదల చేశాక మామూలు జనానికి అందింది. ఇప్పుడు సరదా కబుర్లకు వచ్చేవాళ్లు తగ్గిన మాట నిజమే. కానీ లైనక్స్, ఓపెన్ సోర్స్ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ నుంచి బయటికొచ్చిన నిర్వాహకులు లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ మొదలుపెట్టారు. కొత్తవాళ్లను నేను అక్కడికే పంపిస్తాను.

అపోహ: పేరు పెట్టుకున్నానంటే అది నాదే.

నిక్, అంటే అక్కడ మనం పెట్టుకునే పేరు, బస్సులో సీటు మీద వేసిన కర్చీఫ్ లాంటిది. మీరు దిగిపోతే ఇంకొకరు కూర్చుంటారు. ఆ సీటు మీకే ఉండాలంటే పేర్ల లెక్క చూసే నిక్‌సర్వ్ అనే సర్వీసు దగ్గర నమోదు చేసుకోవాలి. లిబెరాలో అయితే /ఎంఎస్‌జీ నిక్‌సర్వ్ రిజిస్టర్ అని కొట్టి, పాస్‌వర్డ్, ఈమెయిల్ ఇవ్వాలి. మెయిల్‌కు వచ్చిన కోడ్‌తో నిర్ధారించాలి. ఇది చేయనివాళ్లను కొన్ని చానళ్లు లోపలికే రానివ్వవు. నన్ను బ్యాన్ చేశారేమోనని పిల్లలు టెన్షన్ పడతారు. స్టేటస్ విండోలో వచ్చిన లైను చదివితే కారణం అక్కడే రాసి ఉంటుంది.

తర్వాత ఎప్పుడొచ్చినా ఐడెంటిఫై అనే కమాండుతో పాస్‌వర్డ్ చెప్పాలి. ఇక్కడ జాగ్రత్త. స్లాష్ గుర్తుకు ముందు ఒక్క ఖాళీ పడినా చాలా ప్రోగ్రాములు దాన్ని కమాండుగా తీసుకోవు, మామూలు మాటనుకుని చానల్లోకి పంపేస్తాయి. నా పాస్‌వర్డ్ అలాగే రెండు వందల మంది ముందు పడింది. ఒకసారి పంపిన లైను వెనక్కి రాదు. ఎవరో మంచివాడు వెంటనే మార్చుకోమని పర్సనల్‌గా మెసేజ్ పెట్టాడు. అప్పటి నుంచి ఎవరికి నేర్పినా పాస్‌వర్డ్‌ను చానల్ విండోలో కొట్టనివ్వను, సర్వర్ విండోలోనే కొట్టిస్తాను. ఇంకా మంచిది, ప్రోగ్రాం సెట్టింగుల్లో సాసల్ (SASL) అనే చోట పాస్‌వర్డ్ ఒక్కసారి పెట్టేయడం. చేత్తో కొట్టే పనే ఉండదు.

అపోహ: నా పేరు వేరేవాళ్లు కొట్టేశారు.

కరెంటు పోయి తిరిగొచ్చాక మళ్లీ కనెక్ట్ అయితే, మీ నిక్ వాడుకలో ఉందని వస్తుంది. లిస్టులో చూస్తే మీ పేరు నిజంగానే అక్కడ కూర్చుని ఉంటుంది. అది మీరే. మీ లైను తెగిన సంగతి సర్వర్‌కు ఇంకా తెలియదు.

సర్వర్ అప్పుడప్పుడూ పింగ్ అని పలకరిస్తుంది. మన ప్రోగ్రాం పాంగ్ అని బదులివ్వాలి. ఇదంతా మనకు కనపడకుండానే జరుగుతుంది. కొన్ని నిమిషాలు బదులు రాకపోతే పింగ్ టైమవుట్ అని రాసి మన పేరు తీసేస్తుంది. అందాకా పాత పేరు అలా దయ్యంలా నిలబడే ఉంటుంది. నిజంగానే దాన్ని ఘోస్ట్ అంటారు. నమోదు చేసుకున్న నిక్ అయితే /ఎంఎస్‌జీ నిక్‌సర్వ్ రీగెయిన్ అని, పక్కన ఆ నిక్, పాస్‌వర్డ్ కొట్టి వెంటనే తెచ్చుకోవచ్చు. నమోదు లేకపోతే కాసేపు ఆగడమే.

మా నెట్ సెంటర్లో ఈ పింగ్ టైమవుట్ సాయంత్రం పూట ఎక్కువగా వచ్చేది. సర్వర్ మంచిది కాదని కస్టమర్లు గొడవ. చివరికి చూస్తే, మోడెం ఉన్న ఫోన్ లైనుకే ఓనర్ గారింట్లో పైన ఇంకో ఫోన్ తగిలించి ఉంది. అక్కడ ఎవరైనా రిసీవర్ ఎత్తగానే కింద అందరి లైనూ తెగేది. సర్వర్ తప్పని తేల్చేముందు మన వైపు వైరు చూసుకోవడం నాకు అలవాటైంది ఆ ఫోన్ వల్లే.

ఒకేసారి ముప్పై మంది వెళ్లిపోయినట్టు కనిపిస్తే అది మాత్రం వేరే సంగతి. ఐఆర్‌సీ నెట్‌వర్క్ అంటే కొమ్మల్లా కలిసిన సర్వర్లు. ఒక కొమ్మ తెగితే ఇటువాళ్లకు అటువాళ్లు వెళ్లిపోయినట్టు కనపడుతుంది. నెట్‌స్ప్లిట్ అంటారు. వెళ్లిపోయిన లైనులో రెండు సర్వర్ల పేర్లు కనిపిస్తే అదే. మీరేం చేయక్కర్లేదు.

అపోహ: కనెక్ట్ కాలేదంటే ఇండియా వాళ్లను ఆపేశారు.

ఇది నేను వారానికొకసారైనా వింటాను. ముందు పోర్ట్, అంటే సర్వర్లోకి వెళ్లే గేటు నంబరు, చూడండి. 6667 మామూలు పోర్ట్, 6697 మాటలను రహస్య లిపిలో పంపే భద్రమైన టీఎల్‌ఎస్ పోర్ట్. 6697 ఇచ్చి టీఎల్‌ఎస్ టిక్ పెట్టకపోతే కనెక్షన్ గమ్మున ఆగిపోతుంది, లేదా వెంటనే తెగిపోతుంది. కాలేజీ నెట్‌లో అయితే ఈ రెండు పోర్టులూ మూసి ఉండొచ్చు. అదే లాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూస్తే తేలిపోతుంది. కాలేజీ నుంచే కావాలంటే బ్రౌజర్లో వెబ్ చాట్ వాడుకోవచ్చు.

పోయిన వేసవిలో ఒంగోలులో ఒక షాపు సిస్టం అన్నీ సరిగ్గా ఉన్నా సర్వర్ సర్టిఫికెట్, అంటే టీఎల్‌ఎస్‌లో సర్వర్ చూపించే గుర్తింపు కార్డు, చెల్లదని మొరాయించింది. గంట తర్వాత నా కన్ను గడియారం మీద పడింది. తేదీ చాలా ఏళ్లు వెనక్కి ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే, మెయిన్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. ఆ తేదీ నాటికి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే చెల్లదంది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేశాక మామూలుగా కలిసింది.

నిజంగానే ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి, కానీ దేశాన్ని చూసి కాదు. మా ఆరు సిస్టంలూ బయటికి ఒకే ఇంటర్నెట్ (ఐపీ) అడ్రస్‌తో వెళ్లేవి. ఒక కుర్రాడు ఒక చానల్లో బూతులు గుమ్మరించిపోతే ఆ నెట్‌వర్క్ వాళ్లు ఆ అడ్రస్‌ను మూసేశారు. తర్వాత వచ్చిన పిల్లలందరూ బయటే ఉండిపోయారు. హాస్టల్ వైఫైలో ఈరోజూ అదే జరగొచ్చు. ఒక అడ్రస్ నుంచి ఇంతమందే అనే పరిమితి కూడా ఉంటుంది. మర్యాదగా నిర్వాహకులకు రాస్తే వింటారు.

అపోహ: ఐఆర్‌సీలో తెలుగు రాదు.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని నమ్మి చాలామంది ఇంగ్లీషు అక్షరాలతోనే సరిపెట్టుకున్నారు. చానల్లో తెలుగు శుభ్రంగా పోతుంది. పాత నిబంధన ప్రకారం నిక్ మాత్రమే ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, అదీ అంకెతో మొదలుకాకూడదు.

రానప్పుడు ఏం కనపడుతోందో చూడండి. డబ్బాలు కనపడితే అక్షరాలు సరిగ్గానే వచ్చాయి, మీ దగ్గర తెలుగు ఫాంట్ లేదు. ప్రశ్నార్థకాలు కనపడితే ఎక్కువసార్లు పంపినవాళ్ల ప్రోగ్రాం దగ్గరే అక్షరాలు పోయాయి, మీరేం చేసినా తిరిగి రావు. తలమీద చిన్న వాలుగీత ఉన్న ఇంగ్లీషు అక్షరం, పక్కనే డిగ్రీ సున్నా, లేదా ప్లస్ మైనస్ గుర్తు, మళ్లీ మళ్లీ వస్తోందా? అది తెలుగే. అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో వచ్చినదాన్ని మీ ప్రోగ్రాం వేరేది అనుకుని చదువుతోంది. సెట్టింగ్ యూటీఎఫ్-8కి మార్చండి, అంతే. పాత ఎంఐఆర్‌సీ వాడుతుంటే 7 లేదా ఆ తర్వాతి వెర్షన్ వేసుకోండి.

ఇంకో చిక్కు, తెలుగులో పెద్ద వాక్యం రాస్తే చివర తెగిపోవడం. ఐఆర్‌సీలో ఒక లైనుకు మొత్తం 512 బైట్లే. అందులోనే మీ నిక్, చానల్ పేరు కూడా ఇమడాలి. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో అక్షరానికి, గుణింతానికి, వత్తు కింద పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు. నెల్లూరు అని రాస్తే 24 బైట్లు, ఒంగోలు అంటే 18. కాబట్టి ఇంగ్లీషువాడి లైనులో మూడో వంతే మనకు దొరుకుతుంది. కొన్ని ప్రోగ్రాములు వాటంతట అవే రెండు లైన్లు చేస్తాయి. చేయనిదైతే చిన్న చిన్న వాక్యాలుగా పంపండి.

అపోహ: అక్కడివాళ్లకు పొగరు, జవాబివ్వరు.

అన్నిట్లోకీ నష్టం చేసేది ఇదే. కందుకూరు నుంచి వచ్చే ఒక అబ్బాయి, లైనక్స్ వేసిన లాప్‌టాప్‌లో వైఫై రావట్లేదని, ఫోన్‌కు కేబుల్ పెట్టి చానల్లోకి వెళ్లాడు. హలో అన్నాడు. ఎవరైనా ఉన్నారా అన్నాడు. ఐదు నిమిషాలు చూసి మూసేశాడు.

"ఎవురూ పలకలేదన్నా, వెయ్యి మంది ఉన్నట్టు చూపిస్తా ఉంది."

"ఏం అడిగావు నాయనా?"

"ఏం అడగలేదన్నా. ఎవురైనా పలికితే అడుగుదామని."

లిస్టులో పేరుంటే మనిషి ముందు కూర్చున్నట్టు కాదు. ప్రోగ్రాం తెరిచి పెట్టి ఎవరి పనిలో వాళ్లుంటారు. మధ్యలో తలెత్తి చూసినప్పుడు పూర్తి ప్రశ్న కనపడితే, తెలిసినవాళ్లు జవాబు రాస్తారు. హలో కనపడితే రాయడానికి ఏమీ ఉండదు. మీరు వెళ్లిపోయి ఉంటే, రాసినా మీకు చేరదు. ముందు చెప్పిన కాలువ ఇదే. అందుకే ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏం చేశారు, ఏ ఎర్రర్ వచ్చింది, ఇవన్నీ ఒకటి రెండు లైన్లలో రాసి, లైను తెగకుండా అక్కడే ఉండాలి. పెద్ద ఎర్రర్ లాగ్‌ను చానల్లో గుమ్మరించకూడదు. పెద్ద రాతలు పెట్టుకునే పేస్ట్ సైట్‌లో పెట్టి లింకు ఇవ్వాలి. జవాబుగా ఎవరైనా కమాండ్ ఇస్తే, అది ఏం చేస్తుందో అర్థమయ్యాకే కొట్టాలి. తెలియని వాళ్లు పంపిన ఫైలు తెరవకూడదు.

మన దగ్గర రాత్రి అయ్యేసరికి యూరప్‌లో సాయంత్రం. అప్పుడు మనుషులు ఎక్కువ. రోజంతా లైనులో ఉండాలంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషీన్‌లో జెడ్‌ఎన్‌సీ అనే బౌన్సర్ పెట్టుకోవచ్చు. మనం లేనప్పుడు వచ్చిన మాటలు దాచి, వచ్చాక చూపిస్తుంది.

ఆ అబ్బాయి చేత ప్రశ్న మళ్లీ రాయించాను. నాలుగుసార్లు దిద్దుకున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకు పంపి, లాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టి, స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చి పడుకున్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు. రెండు గంటలప్పుడు ఒక లైను వచ్చి ఉందట. జవాబు కాదు, వైఫై చిప్ ఏదో చెప్పమని ఎదురు ప్రశ్న. అది కనుక్కునే కమాండ్ కూడా పక్కనే రాసి పెట్టాడట.

"ఇప్పుడు ఆయన లేడేమో అన్నా?"

"పేరు లిస్టులో ఉందా?"

"ఉంది."

"అయితే రాసిపెట్టు, నాయనా. ఆయన పేరు ముందు పెట్టి రాయి, లేచాక కనపడతాది."