నెట్ ప్లాన్ పెంచితే మెష్‌లో లైవ్ ఆగదా? ముమ్మాటికీ అపోహే

అనంతపురంలో కల్యాణ మండపాలకు మెష్ వైఫై, అంటే నోడ్లనే వైఫై పెట్టెలు కొన్ని కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసేది, పెడుతుంటాను. పెళ్లిళ్ల సీజన్ వస్తే ఒకే రకం ఫోన్లు. మండపంలో కెమెరా బొమ్మను నెట్‌వర్క్‌లో పోయే వీడియోగా మార్చే ఎన్‌కోడర్ నుంచి డైనింగ్ హాలు టీవీలకు, పై గదుల టీవీలకు మల్టీకాస్ట్‌లో, అంటే ఒకే కాపీ అడిగిన టీవీలన్నిటికీ ఒకేసారి అందేట్టు, లైవ్ పోతుంటుంది, సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకు బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. "ఏంది నాయనా, నెట్ 300కి పెంచినాను గదా, మళ్లీ ఆగిపాయె" అంటారు ఓనర్లు. పెళ్లివాళ్లు పక్కనే నిలబడి అడుగుతుంటే వాళ్ల టెన్షన్ ఎట్లుంటుందో నాకు తెలుసు. కానీ ప్లాన్ పెంచమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: నెట్ స్పీడ్ చాలడం లేదు, లేదంటే ఇంకో రెండు నోడ్లు పెట్టాలి.

వాస్తవం: ఆ వీడియో మండపం గడప దాటదు. బయటి లైన్ తెగిపోయినా టీవీలో పెళ్లి కనపడాల్సిందే. యాక్సెస్ పాయింట్ (మెష్‌లో నోడే) మల్టీకాస్ట్‌ను గాల్లోకి వదిలేటప్పుడు అందరికీ అందాలని బేసిక్ రేటులో, అంటే అన్ని పరికరాలూ అందుకోగల తక్కువ వేగంలో, పంపుతుంది, మామూలుగా 5 గిగాహెర్ట్జ్‌లో 6 ఎంబీపీఎస్, 2.4లో పాత రేట్లు తీసేయకపోతే 1 ఎంబీపీఎస్. టీవీ నుంచి అందిందన్న జవాబు రాదు, పోయిన ప్యాకెట్ మళ్లీ పంపరు. 4 ఎంబీపీఎస్ స్ట్రీమ్ ఒక్కటే ఆ 6లో సగానికి పైగా తినేస్తుంది, రెండో స్ట్రీమ్‌కు చోటే లేదు. అదే చానల్‌లో ఇంకో నోడ్ పెడితే అదే వీడియో ఇంకోసారి గాలిని ఆక్రమిస్తుంది. అంటే డబ్బు పెట్టి సమస్యను పెంచుకుంటున్నారు.

చేయాల్సింది మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చే ఆప్షన్ ఆన్ చేయడం. మైక్రోటిక్ కంపెనీ పరికరాల్లో మల్టీకాస్ట్ హెల్పర్‌ను 'ఫుల్' పెట్టాలి, మిగతావాటిలో ఇంకో పేరుతో ఉంటుంది. అప్పుడు ఒక్కో టీవీకి విడిగా, దాని రేటులో, అందిందో లేదో చూసుకుంటూ పోతుంది. నాలుగైదు టీవీలకు ఇదే మందు. వంద ఫోన్లలో చూడాలంటే మాత్రం వద్దు, వంద కాపీలు తయారవుతాయి. అక్కడ బేసిక్ రేటును 12కో 24కో పెంచుకోవాలి, దూరంగా మూలనున్న ఫోన్లు జారిపోతాయని తెలిసే పెంచుకోవాలి.

"ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్ చేస్తే చాలు" అనేది ఇంకో అపోహ. ఏ పోర్టు వైపు టీవీలు ఏ మల్టీకాస్ట్ గ్రూపును అడిగాయో స్విచ్ గమనించి, ఆ పోర్టుకే వీడియో పంపడమే స్నూపింగ్. ఊళ్లోనే ఒక మండపంలో నాలుగు నిమిషాలు బ్రహ్మాండంగా ఆడి ఆగిపోయేది, చానల్ మార్చి మళ్లీ పెడితే ఇంకో నాలుగు నిమిషాలు. హెచ్‌డీఎంఐ కేబుళ్లు మార్చినారు, ఎన్‌కోడర్ కూడా మార్చినారు. స్విచ్‌లో గ్రూప్ టేబుల్ తెరిచి కూర్చున్నాను. వీడియో గ్రూప్ అడ్రస్ 239.10.10.5 పక్కన మెయిన్ నోడ్ పోర్టు కనిపిస్తోంది, టైమర్ 260 సెకన్ల నుంచి దిగుతోంది, సున్నాకు రాగానే పోర్టు మాయం, టీవీ నల్లబడింది. ఇంకా చూస్తున్నారా అని టీవీలను అడిగే క్వెరియర్ ఆ నెట్‌వర్క్‌లో ఎవరూ లేరు. స్విచ్‌లో క్వెరియర్ ఆన్ చేస్తే టైమర్ మధ్యలోనే మళ్లీ పైకి లేచింది, ఆ రాత్రంతా ఆడింది. కాబట్టి రెండు నిమిషాలు టెస్ట్ చేసి ఓకే అనకండి, పది నిమిషాలు ఆడనివ్వండి.

రెండు క్వెరియర్లుంటే కొట్టుకుంటాయనేది వట్టి మాట, తక్కువ ఐపీ ఉన్నదే అడుగుతుంది, రెండోది ఊరుకుంటుంది. గ్రూప్ అడ్రస్ ఏదైనా పర్వాలేదనేది కూడా తప్పే, 224.0.0 జోలికి పోకండి, 239తో మొదలయ్యేవి వాడుకోండి.

ఒక పెళ్లికూతురు తండ్రి మాత్రం చాలా భయంగా అడిగినాడు, అందరికీ పంపుతోందంటే పక్కవీధివాళ్లు కూడా మా పెళ్లి చూస్తారా అని. చూడలేరన్నా. పాస్‌వర్డ్ పెట్టిన వైఫైలో మల్టీకాస్ట్ కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే పోతుంది. అదే పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చినవాళ్లు మాత్రం చూడగలరు. అందుకే అతిథుల వైఫైని వేరే వీల్యాన్‌లో (అవే పరికరాల్లో విడదీసిన వేరే నెట్‌వర్క్‌లో) పెట్టమంటాను, కెమెరా గ్రూపును అందులోకి పోనివ్వకుండా ఆపమంటాను.