ముషియాంగ్ ఏ ఊరి వేరు? అపోహలు – వాస్తవాలు

మొన్న కౌలాలంపూర్ నుంచి ఒక తెలుగమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల అత్తగారు అజీర్ణానికి చైనా మందు వాడుతున్నారు. డబ్బా మీద 'ముషియాంగ్' అని ఉంది. అది కిడ్నీలు పాడుచేస్తుందని వాట్సాప్‌లో ఎవరో పంపారట. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఫోటో పంపమన్నాను. బొటానికల్ పేరు (Saussurea costus) చూస్తే మన చెంగల్వ కోష్టు. ఆ మెసేజ్‌లో చెప్పిన విషం ఇందులో ఉండదు.

మూలికలు పూర్వం ఎక్కడ పండేవో వెతకడం నా పని. ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. భయపడేవాళ్ల మీద నాకు జాలే. సగం తెలిసిన సంగతిని ఫార్వర్డ్ చేసేవాళ్ల మీదే కోపం.

అపోహ: పేరులో ఊరుంటే పంట ఆ ఊరిదే.

'గ్వాంగ్ ముషియాంగ్' పేరు చూసి, పనిలో చేరిన కొత్తలో నేనూ మ్యాపులో దక్షిణ చైనా రేవు గ్వాంగ్‌జౌ దగ్గర ఎర్ర చుక్క పెట్టాను. మా సార్ ఏమీ అనలేదు. బీరువాలోంచి ఒక ఎండు వేరు తీసి చేతిలో పెట్టారు. బొటనవేలంత లావు, ఒళ్లంతా ముడతలు, నూనె పెట్టిన జడలాంటి వాసన. "ఇది రెండున్నర వేల మీటర్ల పైన, మంచులో బతికే మొక్క. రేవు పట్నం ఉక్కపోతలో పండుతుందా?" అన్నారు. కశ్మీర్ కోష్టు ఓడల్లో వెళ్లి గ్వాంగ్‌జౌలో దిగేది. బందరు రేవులో దిగిన సరుకును బందరు పంట అన్నట్టు ఆ పేరు స్థిరపడింది.

చైనా పాత వైద్య గ్రంథాలు ముషియాంగ్‌ది యోంగ్‌చాంగ్ లోయ అంటాయి. అంటే నేటి పశ్చిమ యునాన్‌లోని బావోషాన్ ప్రాంతం. అది బర్మా మీదుగా మన దేశానికి వచ్చే దారిలో ఉంది. అందుకే దాన్ని పండిన చోటుగా కాక సరుకు చేరిన చోటుగానే నేను చదువుతాను. చైనా వైద్య పండితుడు తావ్ హోంగ్‌జింగ్ (456–536) ఇంకా స్పష్టంగా రాశాడు: ఇదే చింగ్ ముషియాంగ్, యోంగ్‌చాంగ్ నుంచి ఇప్పుడు రావడం లేదు, అంతా విదేశీ ఓడల్లోనే వస్తోంది అని. మన అథర్వవేదం కూడా కోష్టు ఉత్తరాన హిమవంతంలో పుట్టి తూర్పు జనుల దగ్గరికి వెళ్తుందనే చెబుతుంది.

అపోహ: పేరు అదే కాబట్టి మొక్కా అదే.

ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. తావ్ కాలంలో చింగ్ ముషియాంగ్ అంటే కోష్టు. తర్వాతి కాలంలో అదే పేరు చైనాలోనే పెరిగే ఇంకో వేరుకు అంటుకుంది. అది మన ఈశ్వరి వేరుకు దగ్గరి చుట్టం. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను తినేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. పాత పుస్తకంలో మందు తయారీ చదివి, కొత్త అంగడిలో ఆ పేరుతో వేరు కొంటే విషం కొన్నట్టే. బ్రస్సెల్స్‌లో 1990–92 మధ్య ఒక సన్నబడే చికిత్సలో ఇలాంటి మార్పిడే జరిగింది. ఫాంగ్‌జి అనే వేరు బదులు ఈ ఈశ్వరి జాతి వేరు కలిసింది. వంద మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చైనా 2004లో చింగ్ ముషియాంగ్‌ను మందుల ప్రమాణాల నుంచి తీసేసింది. "ఓడలో వచ్చింది" అన్న ఆ ఒక్క మాట పట్టుకుంటే చాలు, పాత పుస్తకంలోది ఊరి కొండ మీద పెరిగే ఈ వేరు కాదని తెలుస్తుంది.

మిగతావి చిన్నవి. యునాన్ కోష్టు అనాదిగా అక్కడిదే అంటారు. కాదు, 20వ శతాబ్దంలో సాగు మొదలైంది. అలాగని నకిలీ కాదు, అదే మొక్క. అడవిలో తవ్విందే అసలైనదనీ అంటారు. అడవి కోష్టు అంతరించే దశలో ఉంది, 1985 నుంచి సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. తోట పంటే కొనండి. మన దగ్గరా చెంగల్వ కోష్టు పేరు తెల్లపూల ఇంకో మొక్కకూ ఉంది. పుష్కరమూలం వేరును కూడా కోష్టు అని అమ్మేస్తారు. బొటానికల్ పేరు అడగకుండా కొనకండి.

ఆ అమ్మాయి సాయంత్రం ఇంకో ఫోటో పంపింది. అత్తగారి అలమరలో దొరికిన పాత పొట్లం, మీద చేత్తో రాసిన 'చింగ్ ముషియాంగ్'. అది వాడొద్దన్నాను. ఇదివరకే వాడి ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నాను.