మాస్టారి ప్రశ్నకి జవాబు 2009లో ఉంది

శిక్షణ విమానం ఎక్కడ కూలినా సత్యనారాయణపురంలో మా పక్కింటి మాస్టారి నుంచి ఫోన్ వస్తుంది. వాళ్లబ్బాయి ఎన్‌డీఏ పరీక్షకి చదువుతున్నాడు, ఎయిర్‌ఫోర్స్ తప్ప ఇంకోటి వద్దంటాడు. 2025 నవంబర్‌లో తాంబరం దగ్గర పిలాటస్ అనే శిక్షణ విమానం కూలి, పైలట్ ఎజెక్ట్ అయి, అంటే సీటుతో సహా బయటికి ఎగిరి, బతికినప్పుడూ అదే ప్రశ్న: "ఏమయ్యా, తప్పు పైలట్‌దా, విమానానిదా?"

పాత చరిత్రంతా వదిలేద్దాం. నన్నడిగితే కథ మలుపు తిరిగింది 2009 జులై 31న. మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 దీపక్ కూలింది, ఎయిర్‌ఫోర్స్‌లో చేరినవాళ్లు మొదట ఎగరడం నేర్చుకునే విమానం అది. పోయింది క్యాడెట్లు, అంటే నేర్చుకునే కుర్రాళ్లు కాదు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు. అంతకుముందైతే కుర్రాడు కంగారుపడ్డాడని సరిపెట్టుకోవచ్చు, నేర్పేవాళ్లే పోయాక ఆ మాట ఎలా చెల్లుతుంది? ఉన్న దీపక్‌లన్నిటినీ ఎగరకుండా ఆపేశారు. 1984లో వచ్చినప్పటి నుంచి అప్పటికి 17 ప్రమాదాలు, 19 ప్రాణాలు.

అందులో చిక్కేమిటంటే ఒకే ఇంజిన్, అది గాల్లో ఉండగా ఆగిపోతుంది, ఆగితే సరిగా గ్లైడ్ కాదు, అంటే ఇంజిన్ లేకుండా గాల్లో తేలుతూ దిగదు, దూకడానికి ఎజెక్షన్ సీటు లేదు. గన్నవరంలో టేకాఫ్ అయి కేసరపల్లి ఇళ్లు దాటకముందే ఇంజిన్ ఆగిందనుకోండి. వెనక్కి తిప్పి రన్‌వే అందుకుందామని ప్రాణం లాగుతుంది, కానీ ఆ ఎత్తులో, ఆ వేగంలో గట్టిగా వంచితే రెక్కలకి పట్టు పోయి అక్కడికక్కడే పడుతుంది. అందుకే ముక్కు దించి ఎదురుగా కనిపించిన పొలంలోకే దిగమని నేర్పుతారు. ఎదురుగా పొలం ఉంటే సరే. పైలట్ తప్పు అనేవాళ్లు ఈ పది సెకన్లు కాస్త ఆలోచించాలి.

2009 ప్రమాదం తర్వాత దీపక్ విమానం మొత్తానికి పారాచూట్ కట్టే ఆలోచన కూడా చేశారు! అది ముందుకెళ్లలేదు. దీపక్ లేకపోవడంతో కొత్తవాళ్లకి మొదటి పాఠాలు కూడా తర్వాతి దశలో వాడే కిరణ్ జెట్ల మీదే చెప్పాల్సొచ్చింది, సైకిల్ రానివాడికి బుల్లెట్ బండి ఇచ్చినట్టు.

దీపక్ బదులు హెచ్‌టీటీ-40 అనే కొత్త శిక్షణ విమానం మేమే చేస్తామని ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్ అంది. అంతకాలం ఆగలేమంది ఎయిర్‌ఫోర్స్. 2012లో 75 పిలాటస్‌లకి స్విస్ కంపెనీతో ఒప్పందం అయింది, 2013 నుంచి అవి దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి రావడం మొదలైంది. ఎజెక్షన్ సీట్లున్నాయి. అయినా 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర ఒక పిలాటస్ కూలి ఇన్‌స్ట్రక్టరూ, క్యాడెట్టూ ఇద్దరూ పోయారు. మధ్యలో 2019లో లంచాల ఆరోపణలతో ఆ కంపెనీతో లావాదేవీలు ఏడాదిపాటు ఆపేశారు, దాంతో మళ్లీ చూపు హెచ్‌టీటీ-40 మీదికే మళ్లింది. 2023 మార్చిలో 70కి ఆర్డర్ ఇచ్చారు, అమెరికా నుంచి ఇంజిన్లు ఆలస్యమై ఆ ఆర్డర్‌లో మొదటిది 2025 అక్టోబర్‌కి గానీ ఎగరలేదు.

మాస్టారికి ఇదంతా చెప్పాను. ఆయన విన్నది ఒక్కటే. "కొత్తదానికి ఆ సీటు ఉందా?"

ఉందన్నాను. "సరే, మావాడితో ఆ మాట చెప్తా" అని ఫోన్ పెట్టేశారు.