పాపాయి ఏం మానేసింది?

థర్మామీటర్‌లో 102 కనిపించగానే ఇల్లంతా కంగారు పడుతుంది. పిల్లల వార్డులో నర్సు ఆ అంకె రాసుకుని, ముందు తల్లిని అడిగేది వేరు: "పాలు తాగుతోందా అమ్మా? ఆడుతోందా? పిలిస్తే చూస్తోందా?" 103 జ్వరం వచ్చినా, కాస్త దిగగానే బొమ్మ లాక్కునే పిల్లకంటే, 100 జ్వరంతో రొమ్ము పట్టకుండా మగతగా పడున్న పిల్ల గురించే ఎక్కువ భయపడాలి. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ మానేసిందంటే అసలు సంగతి అక్కడుంది. మూడు నెలల్లోపు పసికందుకు మాత్రం ఈ లెక్క చెల్లదు. 100.4 చేరితే, హుషారుగా ఉన్నా సరే, వెంటనే డాక్టరుకు చూపించాల్సిందే.

దగ్గు వస్తే చూడాల్సింది ఊపిరి. మిర్చి ఘాటుకు గుంటూరులో పిల్లలూ దగ్గుతారు, పెద్దలూ దగ్గుతారు. దగ్గు చప్పుడును బట్టి న్యుమోనియా తేల్చలేం. పాప నిద్రలోనో, ఒళ్లో నెమ్మదిగానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పుతుంది. ఎందుకంటే పసికందులు గబగబా నాలుగు ఊపిరులు తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. అది వాళ్లకు సహజం. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు చేసిన లెక్క పనికిరాదు. రెండు నెలల్లోపు 60, అక్కణ్నుంచి ఏడాదిదాకా 50, ఏడాది నుంచి ఐదేళ్లదాకా 40. ఆ అంకెను అందుకుంటే ఊపిరి వేగం పెరిగినట్టే. రెండు నెలల్లోపు బిడ్డకైతే ఇంకోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోవాలి.

మన పెద్దవాళ్లు "డొక్కలు ఎగరేస్తోంది" అంటారే, ఆ మాట చాలా నిక్కచ్చి అయినది. గాలి పీల్చినప్పుడు ఉబ్బాల్సిన ఛాతీ కింది భాగం, పక్కటెముకల దిగువన, లోపలికి గుంటపడుతుంది. బిగుసుకున్న ఊపిరితిత్తుల్లోకి గాలి లాగడానికి బిడ్డ అంత కష్టపడుతోందన్నమాట. ఇది కనిపించాక లెక్కపెడుతూ కూర్చోకండి, ఆసుపత్రికి బయల్దేరండి.

ఇంట్లో జరిగే పెద్ద పొరపాటు పారాసిటమాల్ సీసా దగ్గర. మోతాదు బరువును బట్టి, కిలోకు 15 మి.గ్రా. అంటే 10 కిలోల పిల్లకు 150. 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉన్నదైతే 3 మి.లీ., ఒక్క మి.లీ.లోనే 100 ఉన్న డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ. పాత సిరప్ అలవాటుతో డ్రాప్స్ కూడా 6 మి.లీ. పోస్తే 600 మి.గ్రా. లోపలికి వెళ్తుంది. నాలుగు రెట్లు! ఆ దెబ్బ కాలేయానికి. కాబట్టి సీసా మీద అంకె చదవకుండా మూత తీయొద్దు. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు.

వానాకాలం జ్వరాల్లో ఇంకో చిక్కుంది. డెంగీలో ప్రమాదం సాధారణంగా జ్వరం దిగేటప్పుడే, మూడు నుంచి ఏడో రోజు మధ్య మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోతుంది. ఒళ్లు చల్లబడిందని సంబరపడే వేళ కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లని చేతులు, తగ్గిన మూత్రం కనిపిస్తే ఆగకూడదు. జ్వరానికి వాడే ఐబుప్రొఫెన్ మందు వద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పటిలా తాగునీరు చెడిన రోజుల్లో విరేచనాలు తప్పవు. బొడ్డుకూ డొక్కకూ మధ్య చర్మాన్ని నిలువుగా చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రెండు సెకన్లు దాటినా మడత అలాగే ఉంటే నీరు బాగా పోయినట్టు. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., చెంచాతో. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు జింక్ 20 మి.గ్రా., విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. తియ్యటి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటికి ఆ పేరు వాడటాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆపింది.

ఇక ఎదుగుదల. బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచే ఇళ్లలో ఎదుగుదల పట్టిక వంటింట్లోనే ఉంది. అరిసెలు పక్కింటివాళ్లు ముందు పంచారని బెంగ పడక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా వివిధ దేశాల పిల్లలను గమనిస్తే, ఆసరా లేకుండా కూర్చోవడం నాలుగో నెల నుంచి తొమ్మిదో నెలదాకా, సొంతంగా నడవడం ఎనిమిదో నెల నుంచి పద్దెనిమిదో నెలదాకా సాగింది. కొందరు దోగాడకుండానే నడిచేస్తారు. వాకర్ కొంటే నడక త్వరగా రాదు, మెట్ల మీంచి పడే ముప్పు మాత్రం వస్తుంది. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డను ఆరో నెలలో నాలుగు నెలల బిడ్డలాగే చూడాలి. రెండేళ్లదాకా అదే లెక్క.

ఆలస్యాన్ని కొన్నాళ్లు గమనించవచ్చు, కానీ వచ్చిన విద్య పోవడాన్ని ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు. "అత్త", "తాత" అనే పాప ఆ మాటలు మానేసినా, కూర్చునే బిడ్డ ఒరిగిపోతున్నా, పేరు పిలిస్తే తిరిగే పిల్లాడు తిరగకపోయినా డాక్టరుకు చూపించాలి. బొబ్బట్లు పంచిన తేదీ టీకాల కార్డు మీద రాసి ఉంటే, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని డాక్టరు అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.